బండి శ్రుతి

ఐదింటికి బుచ్చన్న వస్తాడు, గిటార్ పట్టుకుపోతాడు, లేదంటే వదిలేసి పోతాడు. ఆ రెండిట్లో ఏదో ఒకటి తేలడానికి ఇంకా యాభై నిమిషాలుంది. అరబ్బుదేశంలో, ముఐథర్‌లో టైలరు దుకాణం ఎదురుగా బండి ఆపుకొని, సీటు వెనక్కి జరుపుకొని, గిటార్ ఒడిలో పెట్టుకొని చిన్నప్ప కూర్చున్నాడు. లోపల మేడమూ ఆమె చెల్లెలూ పెళ్ళిబట్టలకు కొలతలిస్తున్నారు. పెళ్ళిబట్టలంటే తొందరగా తెమిలే పని కాదు, ఒక్కో చేతి అంచు దగ్గర ఒక్కో పంచాయితీ ఉంటుంది, పదకొండేళ్ళుగా ఈ ఇంటి బండి నడుపుతున్నవాడికి అది తెలియనిది కాదు. స్టీరింగు ఎడమపక్క కాబట్టి గిటార్ మెడకు తలుపు అడ్డం వస్తుంది. అద్దం దించాడు, మెడ బయటికి పొడుచుకొచ్చింది, అల్ షహానియా దారిలో పికప్‌ల వెనక కాళ్ళు కట్టి కూర్చోబెట్టిన ఒంటెలు తలలు చాపి వచ్చేపోయేవాళ్ళను చూసినట్టు. జనవరి కాబట్టి సరిపోయింది. అక్టోబరులో అద్దం దించితే కొలిమి తలుపు తీసినట్టుండేది. అప్పుడు ఇంజన్ తిరుగుతుండగా, ఏసీ గాలిలో, గిటార్‌ను ఏటవాలుగా రొమ్ముకు ఆనించుకొని వాయించేవాడు, చంటిబిడ్డకు పాలు పట్టే తల్లి మాదిరి ఉండావు కదప్పా అని తనను చూసి తనే నవ్వుకునేవాడు. ఇప్పుడు ఇంజన్ ఆగి ఉంది. ఆ నిశ్శబ్దం ఎందుకో ఒంటిమీద చొక్కా లేనట్టుగా ఉంది.

ఎనిమిది వరుసలు, అంతే. బుచ్చన్న తనే కట్టుకున్న పాట ముక్క అది, దానికి పేరు లేదు. క్యాంపులో రాత్రిపూట మంచం మీద కూర్చుని సంవత్సరాల తరబడి తీగెలు గోకుతూ గోకుతూ ఒక దారి పడింది, కాలిబాట పడినట్టు. కింద కార్డులు, అంటే ఒకేసారి మోగే స్వరాల గుత్తులు, నాలుగు గుండ్రంగా తిరుగుతుంటాయి, వాటి మీద ఒక్కొక్క తీగతో మాట్లాడాలి, దాన్నే లీడ్ అంటారు. కార్డులు కొట్టడం చిన్నప్పకు కష్టమనిపించలేదు. నాలుగు వేళ్ళు నాలుగు చోట్ల పెట్టి తాళానికి కొట్టుకుంటూ పోవడమే, ఎవరో పాడుతుంటే వాళ్ళ వెనక నడవడమే, అది డ్రైవరు పనిలాంటిదే. లీడ్ అట్లా కాదు. అక్కడ వెనక సీటు లేదు, ఎటు పోవాలో చెప్పేవాళ్ళు లేరు. బుచ్చన్న పోయిన శుక్రవారం ఫోన్ చేసి, తమ్మీ ఇగ మొత్తానికే పోతున్న, కంపెనీ కాగితం ఇచ్చింది, వచ్చే శుక్రారం రాత్రికి ఫ్లైటు అన్నప్పుడు చిన్నప్ప గొంతులో మొదట వచ్చిన మాట గిటార్ అనే. తర్వాత సిగ్గుపడ్డాడు. పందొమ్మిదేళ్ళు ఇనుము కట్టిన మనిషి ఇంటికి పోతుంటే ఆరోగ్యం ఎట్లుందన్నా అనాలి గదా. బుచ్చన్న మాత్రం పకపకా నవ్వాడు. "మా ఇంటిది బాలవ్వ అడుగుతున్నది, దుబాయికెళ్లి పందొమ్మిదేండ్లకు కట్టెముక్క పట్టుకొస్తవా అని. గది మోగుతదే అన్న. మోగేటియి మన ఇంట్ల మస్తున్నయి, ఇంకొకటి ఎందుకన్నది. ఇగ విను తమ్మీ. ఆ ఎనిమిది వరుసలు నడుమ ఆగకుంట ఒక్కపారి కొట్టు, గిటారు నీది. ఆగినవా, నాతోని విమానం ఎక్కుతది. కొట్టరానోని కాడ ఇడిసిపెడితే గోడకు మేకు ఎతుక్కుంటది."

నడుమ ఆగకుండా. అక్కడే ఉంది అసలు ముడి. చిన్నప్ప ఎన్నడూ ఎనిమిదో వరుస దాకా ఒక్క పట్టున పోలేదు. ఎక్కడో ఒక వేలు గిటార్ మెడ మీది పక్క ఫ్రెట్ గడిలో పడుతుంది, పడిన మరుక్షణం చెయ్యి దానంతటదే ఆగిపోతుంది, మళ్ళీ మొదటికి వస్తుంది. ఒక్కోసారి రెండో వరుసలో, ఒక్కోసారి ఆరో వరుసలో. ఆరో వరుస మరీ దుర్మార్గమైనది, అక్కడ రెండో తీగను నొక్కి పట్టుకొని అలాగే పైకి నెట్టాలి, బుచ్చన్న దాన్ని గుంజుడు అంటాడు, గుంజితే స్వరం ఒకచోటి నుంచి ఇంకోచోటికి జారుతూ ఎక్కుతుంది. తప్పు చేస్తే ఆగి మొదటినుంచి చేయాలనే అలవాటు ఎక్కడిదో చిన్నప్పకు తెలుసు. బళ్ళో పలక మీద తప్పు రాస్తే అయ్యవారు మొత్తం తుడిపించేవాడు, సరిగ్గా రాసిన అక్షరాలతో సహా. నెల కిందట వాయిస్ మెసేజ్‌లో ఈ మాట చెబితే బుచ్చన్న తిరిగి పంపిన మెసేజ్‌లో గాలి హోరు, వెనక ఇనుప కడ్డీలు దించుతున్న చప్పుడు, ఆ మధ్యలో అరుపు. "అరే, బండి నడిపేటోనివి నువ్వు! ఎగ్జిట్ తప్పితే రోడ్డు మీద రివర్స్ కొడుతవా? ముందటికి పోయి మల్లుకుంటవు గద. గదే!"

ఫోన్ డ్యాష్‌బోర్డు మీద ఉంది. తెర మీద రెండు వాయిస్ మెసేజ్‌లు. ఒకటి పొద్దున ఊరి నుంచి భార్య శివకుమారి పంపింది, ఆరు నిమిషాల నలభై సెకండ్లు. ఇంకా వినలేదు, జవాబుగా బొటనవేలి గుర్తు మాత్రం పెట్టాడు. రెండోది బుచ్చన్నది, కార్డులు నాలుగూ పది నిమిషాల పాటు వాయించి పంపాడు, దీని మీద కొట్టాలె అని. దాన్నీ ఇంకా తెరవలేదు. మొదటిది ఎందుకు వినలేదో తనకు తెలుసు, రెండోది ఎందుకు తెరవలేదో తెలియదు. శివకుమారి మెసేజ్‌లు చిన్నప్ప చెవిలోకి పోవు. ఆమె మీద ప్రేమ లేక కాదు. మాటలు మొదలవగానే లోపల ఒక తలుపు మూసుకుంటుంది, తర్వాత వచ్చేదంతా గోడ అవతలి మాట. ఊఁ అంటాడు. ఊఁ అనొద్దు, ఊఁ అంటే నాకు కాల్తాది అంటుంది ఆమె. దానికీ ఊఁ అంటాడు. ఆ తలుపు పుట్టుకతో వచ్చింది కాదు, నేర్చుకున్నది. వచ్చిన కొత్తలో ఒకరోజు వెనక సీట్లో మేడమూ చెల్లెలూ ఎవరినో వెక్కిరించి నవ్వుకుంటుంటే, అరబ్బీ నాలుగు మాటలు అప్పుడప్పుడే పట్టుబడుతున్న మురిపెంలో, తనూ నవ్వేశాడు. బండి మొత్తం ఒక్కసారిగా చల్లబడింది. అద్దంలో మేడం కళ్ళు. ఆ సాయంత్రం ఆ ఇంటి పెద్ద డ్రైవరు, పెషావరు జహాంగీర్, టీ పోస్తూ చెప్పాడు: "కాన్ బంద్ రఖో భాయ్. వెనకాల మాట్లాడేది మనుషులు కాదు, రేడియో. రేడియో విని ఎవడైనా జవాబు చెప్తాడా?" చెవికి రెప్ప ఉండదు కదా, ఎట్లా మూసేది అని అడిగాడు చిన్నప్ప. ఇంజన్ విను, అన్నాడు జహాంగీర్. ఇంజన్‌ను విడవకుండా వింటూ ఉంటే మాటలు వినపడవు.

అది మందులా పనిచేసింది. ఇంజన్ మోతకు చెవిని కట్టేశాడు, గుంజకు ఎద్దును కట్టినట్టు. వెనక పెళ్ళి సంబంధాల మాటలు, ఆసుపత్రి మాటలు, ఒకసారి మేడం దోవ పొడుగునా ఏడ్చిన ఏడుపు, అన్నీ ఆ మోత అవతలే ఉండిపోయాయి. మంచి డ్రైవరన్న పేరొచ్చింది. ఏళ్ళు గడిచేకొద్దీ గుంజ ఎక్కడుందో మరిచిపోయాడు, తాడు మాత్రం మిగిలింది. ఊరికి పోయినప్పుడు ఇంట్లో కూర్చున్నా దూరంగా ఏదో బోరు మోటరు మోత పట్టుకొని దాన్నే వింటూ ఉండేవాడు, ఎదురుగా కూతురు బడి ముచ్చట్లు చెబుతుంటే. నాయనకు చెవుడా అమ్మా అని ఆ పిల్ల అడగడం మాత్రం వినపడింది. విచిత్రం, అలాంటివే వినపడతాయి.

మరి ఆ రోజు నజ్మాలో, కూలీల గదిలో, ఒక తీగ మోత ఎలా వినపడింది? రెండేళ్ళ కిందటి శుక్రవారం. ఎనిమిది మంచాల గది, పదహారు మంది, ఒకపక్క చేపల పులుసు ఉడుకుతోంది, ఇంకోపక్క పేకాట, ఫోన్లలో ముగ్గురు ముగ్గురితో గొడవ, ఇరవై అడుగుల చోటులో ఇరవై రకాల మోత. చిన్నప్ప ఎవరితోనో వచ్చి గోడకు ఆనుకొని, అలవాటు కొద్దీ ఫ్యాను మోతకు చెవి అప్పజెప్పి కూర్చున్నాడు. అప్పుడు మూల మంచం మీద బట్టతల మనిషొకడు టిఫిను డబ్బా అంత స్పీకరుకు వైరు తగిలించి ఒక తీగను గుంజాడు. గుంజాడని అప్పుడు తెలియదు. తెలిసిందల్లా ఎవరో పిలిచారని. నిజంగా పిలిచినట్టే తల తిప్పాడు, ఆఁ అన్నాడు కూడా. పక్కనున్నవాళ్ళు నవ్వారు. బట్టతల మనిషి, బుచ్చన్నే, నవ్వలేదు. మళ్ళీ గుంజాడు, ఇతని మొహంలోకే చూస్తూ. ఆ స్వరం కింద ఒకచోట మొదలై, పైన ఇంకోచోటికి ఎక్కి, అక్కడ కాసేపు వణుకుతూ నిలబడింది, అది తనకు ఎరుకైన దారే, కానీ ఎక్కడిదో గుర్తు రాలేదు. ఈ రెండేళ్ళలో మూడు కార్డులు, ఆరు కార్డులు, వేలికొసల్లో కాయలు, అన్నీ వచ్చాయి గాని ఆ పిలుపు ఎక్కడ విన్నాడో మాత్రం రాలేదు. మూడు నెలల కిందట బుచ్చన్నను షహానియా అవతల రోడ్డు పనికి పంపినప్పుడు గిటార్ ఇతని చేతిలో పెట్టాడు, స్పీకరు తన దగ్గరే ఉంచుకొని. అది లేకపోతే కరెంటు గిటార్ గొంతు సన్నం, దవడ ఆనించి వినాలి. "ఫోన్ల చూసి శ్రుతి కలిపెటియి ఉంటయి, గవి పెట్టుకోకు. చెవుతోని కలుపు. చెవు పెట్టకుంటే చెయ్యి ఎన్నటికీ రాదు," అన్నాడు.

నాలుగూ ఇరవై రెండు. చాలు, అనుకున్నాడు చిన్నప్ప, బుచ్చన్న మెసేజ్ తెరిచాడు. కార్డులు మొదలయ్యాయి, తెలిసినవే, వెనక ఎవరో దగ్గుతున్నారు, పళ్ళెం కింద పెట్టిన చప్పుడు. నాలుగు లెక్కపెట్టుకొని మొదటి వరుస ఎత్తుకున్నాడు. ఎత్తుకున్న క్షణంలోనే పళ్ళు జివ్వుమన్నాయి. ఆపి మళ్ళీ కొట్టాడు. మళ్ళీ అదే, పులిసిన మజ్జిగలో పాలు పోసినట్టు. వేళ్ళు సరైన చోటే ఉన్నాయి, కళ్ళతో చూశాడు, లెక్కపెట్టాడు, ఐదో ఫ్రెట్, ఏడో ఫ్రెట్. ఫోన్ ఆపి ఒంటరిగా కొట్టాడు, చక్కగా ఉంది, మూడు నెలలుగా విన్నట్టే ఉంది. ఫోన్ పెట్టాడు, వికారంగా ఉంది. అంటే బుచ్చన్నదా తప్పు? పందొమ్మిదేళ్ళ చెవి తప్పా? ఏం జరిగిందో తెలియనప్పుడు చిన్నప్ప చేసే పని ఒకటే, ఆలోచించకుండా చెయ్యి అదే చేసింది, ఇంజన్ స్టార్ట్ చేసింది. పెద్ద బండి ఒకసారి ఒళ్ళు విరుచుకొని తన మామూలు మోతలోకి దిగింది. అప్పుడు, దవడ గిటార్ అంచుకు ఆనించి లావు తీగను మీటితే, ఆ తీగా ఇంజనూ రెండూ ఒకటే మాట అన్నాయి. ఒకటే. కవలపిల్లల్లా.

దవడ తియ్యకుండానే వెనక్కి లెక్కపెట్టుకున్నాడు. ఇదిగో, అక్టోబరులో లావు తీగ సడలినప్పుడు, ఏసీ గాలిలో, చెవితో కలుపు అన్నాడు గదా అని చెవి పెట్టి కలిపాడు. చెవికి ఏది దొరికింది? పదకొండేళ్ళుగా ఏది దొరుకుతోందో అదే. బండికి కలిపాడు. మిగతా ఐదు తీగెలూ ఆ లావు తీగకు కలిపాడు. మూడు నెలలు వాయించిందంతా ఇంజన్‌తో వాయించాడు, ఇంజన్ ఆపిన రోజున కూడా. నవ్వొచ్చింది. ముందు ముక్కుతో, తర్వాత పొట్టతో. గుంజ దొరికింది. తాడు పట్టుకొని వెనక్కి నడిస్తే గుంజ ఇక్కడే, బానెట్ కింద, తిరుగుతూ ఉంది. ఇంజన్ ఆపేశాడు.

నాలుగూ ముప్పై. రెండు ఫ్రెట్ల దూరం పైకి బిగించాలి, ఆరు తీగెలూ. తెగితే ఇంకో తీగ లేదు, తెగితే కథ అక్కడే అయిపోయింది. బుచ్చన్న కడ్డీలకు బైండింగ్ వైరు కొక్కెంతో తిప్పి కట్టే మనిషి, రోజుకు వెయ్యి ముళ్ళు. తెగబోయే ముందు వైరు చేతికి చెప్తది అనేవాడు, గట్టిగున్నంతసేపు భయం లేదు, మెత్తబడ్డదా, చెయ్యి తియ్యి. కుడి చెవికి ఫోన్, ఎడమ దవడకు గిటార్. ఒకవైపు నుంచి బుచ్చన్న, ఇంకోవైపు నుంచి తను. బిరడా తిప్పాడు, వెంట్రుకవాసి. రెండు మోతలూ దగ్గరవుతుంటే వాటి మధ్య ఒక ఊపు పుట్టింది, సిగ్నల్ దగ్గర రెండు పెద్ద బళ్ళు పక్కపక్కన ఆగినప్పుడు పుట్టే ఊపు, వూ, వూ, వూ. ఇంకా తిప్పితే ఊపు నెమ్మదించింది. వూఊ, వూఊ. దాన్ని పట్టుకోవడానికి బుచ్చన్న గదిలోకి పూర్తిగా పోవలసి వచ్చింది. ఒక్క కార్డుకూ ఇంకో కార్డుకూ మధ్య మనిషి ఊపిరి ఉంది, వేళ్ళు తీగల మీద జారిన కీచుమనే చప్పుడుంది, ఇదివరకు ఎన్నడూ వినని బుచ్చన్న ఉన్నాడు, పెట్టె సర్దుకుంటూ మధ్యలో కూర్చుని తనకోసం పది నిమిషాలు వాయించిన బుచ్చన్న. చివర్లో ఏదో గొణిగాడు కూడా. వెనక్కి జరిపి విన్నాడు. "మంచిగ కొట్టాలె బిడ్డ, మంచిగ కొట్టాలె." తనతో కాదు, తనలో తను. ఊపు ఆగిపోయింది. లావు తీగ నిలిచింది.

ఆరు తీగెలూ కలిసేసరికి నాలుగూ నలభై ఎనిమిది. ఒక్కటీ తెగలేదు. ఎత్తుకున్నాడు, మొదటి వరుస కార్డుల మీద కూర్చుంది, పలకకు చట్రం కూర్చున్నట్టు. రెండు, మూడు. ఆరో వరుస దగ్గర వేలు తీగను నెట్టింది, తీగ కదలలేదు. నెట్టాడు, అరవంతు ఎక్కి ఆగింది, గొంతులో ముల్లు ఇరుక్కున్నట్టు. ఇన్నాళ్ళూ సడలిన తీగెలు గనక వేలు తోస్తే ఒరిగేవి, ఇప్పుడు బిగిశాయి, సరైన శ్రుతికి ఇంత బలం కావాలని ఎవరికి తెలుసు. ఒక వేలు చాలదు. మూడు వేళ్ళు కలిపి నెట్టాడు. ఎక్కింది, ఎక్కడిదాకా పోవాలో తెలియక మధ్యలో ఊగులాడింది. నోటితోని పాడు ముందుగాల, అని బుచ్చన్న వందసార్లు చెప్పాడు, నోరు ఏడికి పోతదో చెయ్యి ఆడికే పోతది. చిన్నప్ప ఒక్కసారీ పాడలేదు. ఈ బండిలో నోరు తెరిచింది యస్ మేడం, ఓకే మేడం, అంతే. ఖాళీ బండిలో కూడా పెదవులు వాటంతట అవి మూసుకుంటాయి. అద్దంలో వెనక సీటు చూశాడు. ఎవరూ లేరు. ఆఁ అన్నాడు, పిల్లి గొంతుతో. ఆ అనే దానికి పైకి ఎక్కే దారి లేదు. ఇంకేదో మాట కావాలి, చివర పైకి లేచే మాట. ఎవరినో కేకేసే మాట.

అప్పుడు వచ్చింది. రెండేళ్ళు వెదికినప్పుడు రానిది, మూడు వేళ్ళు తీగ మీద నొప్పెడుతుండగా వచ్చింది. కోడూరు దగ్గర బొప్పాయి తోట, నడుమ నీళ్ళు పారే వంక, వంకకు ఈ పక్క తను, ఆ పక్క గట్టు మీద అమ్మ. సంగటి తెచ్చింది, దుత్త నెత్తిన పెట్టుకొని వంక దాటలేదు, అక్కడి నుంచే పిలుస్తుంది. పేరు మామూలుగా మొదలవుతుంది, చివరకు వచ్చేసరికి గొంతు గట్టు దిగి వంక దాటి తోట మీదుగా పైకి లేస్తుంది. ఆ చివర మాత్రమే చెవికి చేరుతుంది, పేరు చేరదు. ఎవరి పేరైనా కావచ్చు, కానీ తననే అని తెలుస్తుంది. చిన్నప్ప ఊపిరి పీల్చుకొని, నలభై మూడేళ్ళ మనిషి, మేడం బండిలో కూర్చొని తనను తానే పిలుచుకున్నాడు. "ఓ చిన్నప్పోఓ!" దుకాణం మెట్ల మీద సిగరెట్ కాలుస్తున్న మనిషి ఉలిక్కిపడి రోడ్డుకు రెండువైపులా చూశాడు. చిన్నప్ప మళ్ళీ పిలిచాడు, ఈసారి మూడు వేళ్ళూ కలిపి తీగను నెడుతూ. గొంతు ఎక్కడికి పోయిందో తీగ అక్కడికి పోయింది.

ఐదుకు రెండు నిమిషాలుండగా కంపెనీ పికప్ వెనక వచ్చి ఆగింది. బుచ్చన్న దిగాడు, కొత్త చొక్కా, అంగట్లో వేసిన మడతలు ఇంకా పోలేదు. ఒక చేతిలో స్పీకరు, ఇంకో చేతిలో ఖాళీ గిటార్ సంచి. సంచి చూడగానే చిన్నప్ప గిటార్ దగ్గరికి లాక్కున్నాడు.

"ఏం తమ్మీ, ఎవలనో పిలుస్తున్నవట. ఆ సిగిరెట్టాయన చెప్పిండు, లోపల పిచ్చోడున్నడు పోకు అని."

"రాన్నా. యాలైందా నీకు?"

"పావుగంట ఉన్నది. డ్రైవరు హారన్ కొడితే నేను పోవాలె. యల్లా, కొట్టు."

బానెట్ మీద స్పీకరు పెట్టాడు, వైరు తగిలించాడు, అది బుస్సుమని లేచింది. చిన్నప్ప బండి దిగి నిలబడ్డాడు, ఎప్పుడూ కూర్చునే వాయించాడు, నిలబడితే గిటార్ ఇంత బరువని తెలియదు. ఫోన్‌లో కార్డులు పెట్టాడు. మొదటి వరుస. స్పీకరులో తన చెయ్యి చేసిన చప్పుడు తనకే కొత్తగా, పెద్దగా, రోడ్డు అవతలికి పోతోంది. రెండు. మూడులో వేలు జారింది, పక్క ఫ్రెట్, చెయ్యి ఆగబోయింది, పలక తుడవడానికి వెనక్కి తిరగబోయింది. ఎగ్జిట్ తప్పింది, ముందుకు పో, అన్నాడు లోపల ఎవడో, పోయాడు. నాలుగు. ఐదు. ఐదో వరుస సగంలో కార్డులు ఠక్కున ఆగిపోయాయి, వాటి చోట ఫోన్ మోగింది. మేడం. రెండో రింగుకు ఎత్తాలి, మొదటి వారంలో పెట్టిన నియమం, పదకొండేళ్ళలో ఒక్కసారి తప్పలేదు, స్నానం మధ్యలోనైనా తడిచేత్తో ఎత్తాడు. ఒకటో రింగు. కింద నడిపించే కార్డులు లేవు, ఇంజన్ లేదు, బుచ్చన్న పెదవి కదపడం లేదు. రెండో రింగు. కుడిచెయ్యి ఫోన్ వైపు ఒక అంగుళం పోయింది, పోయిన సంగతి చిన్నప్ప చూశాడు, ఎవరిదో చెయ్యి చూసినట్టు. మూడో రింగు. తీగ మీద మూడు వేళ్ళు పెట్టి, నోరు తెరవకుండానే వంక అవతలి నుంచి పిలిచి, నెట్టాడు. ఎక్కింది. నాలుగో రింగు దాని కింద ఎక్కడో మోగుతూ ఉంది, వినపడుతూనే ఉంది, కానీ అదొక మోత, ఇదొక పిలుపు. ఏడు. ఎనిమిది. చివరి స్వరం విడిచిపెట్టలేక అలాగే పట్టుకొని నిలబడ్డాడు. అది సన్నగిల్లి సన్నగిల్లి పోయేసరికి ఫోన్ కూడా ఆగిపోయింది.

వెంటనే తిరిగి ఫోన్ చేశాడు. "సారీ మేడం, సారీ..." అటునుంచి నవ్వులు, బట్టలు పరుస్తున్న చప్పుడు. "చినప్పా, బాద్ నుస్ సాఆ. ఓకే?" ఇంకో అరగంట. అంతే. నాలుగు రింగులని ఆమె లెక్కపెట్టనేలేదు. చిన్నప్ప ఫోన్ కిందికి దించి బుచ్చన్న వైపు చూశాడు.

"ఆగినానా అన్నా?"

బుచ్చన్న వంగి వైరు ఊడబీకాడు. స్పీకరు వైరు చుట్టాడు, చుట్టి చుట్టి విప్పి మళ్ళీ చుట్టాడు. ఆ సంచిలో స్పీకరు పెట్టి, బండి తలుపు తీసి, ముందు సీట్లో ఉంచాడు.

"సంచి యాడికి, అన్నా?"

"నాకెందుకు గది? ఉల్లిగడ్డలు పోసుకోవాల్నా? మూడో వరుసల తప్పు కొట్టినవు."

"కొట్టినా."

"ఆగలే."

"ఆగలేదన్నా. బాలవ్వక్కకు ఏం చెప్తావు?"

"మోగేదాన్ని మోగిచ్చెటోని కాడ ఇడిసొచ్చిన అంట. తిడుతది. తిట్టనియ్, పందొమ్మిదేండ్ల నుంచి ఫోన్ల తిట్టింది, ఇగ దగ్గర కూసొని తిట్టించుకుంట." పికప్ హారన్ కొట్టింది. బుచ్చన్న చిన్నప్ప ఎడమచెయ్యి పట్టుకొని తిప్పి చూశాడు, మూడు వేలికొసల మీద తీగ కోసిన మూడు ఎర్రటి గీతలు. వాటిని బొటనవేలితో ఒకసారి నొక్కి, చెయ్యి వదిలేసి, వెనక్కి చూడకుండా పోయాడు.

పికప్ మలుపు తిరిగాక సందెవేళ మగ్రిబ్ అజాన్ మొదలైంది, ఒక మసీదు నుంచి, తర్వాత ఇంకో మసీదు నుంచి, ఒకదాని వెనక ఒకటి. అది అయ్యేదాకా చిన్నప్ప బండిలో కూర్చొని విన్నాడు. ఇంజన్ తాళం మీదికి చెయ్యి పోలేదు. తర్వాత ఫోన్ తీసి, ఆరు నిమిషాల నలభై సెకండ్ల దగ్గర వేలు పెట్టాడు. "ఇంటాండావా? నువ్వు ఇనవని తెల్సు, అయినా చెప్తాండా," అంది శివకుమారి. లోపల తలుపు కదిలింది, మూసుకోబోయింది, చిన్నప్ప కాలు అడ్డం పెట్టాడు. ఆమె గొంతు ఇంత బొంగురుగా ఉంటుందా? జలుబు చేసిందా? బోరు మోటరు మోత మారిందట, మూడు మెసేజ్‌లుగా అదే చెబుతోందట, మెకానిక్కు ఏం గాలేదంటున్నాడట. "నీకు బండ్ల మోత తెలుసు గదా, నీ చెవికి ఇనిపిద్దామని వచ్చినా, ఇదో ఇను." చెప్పుల చప్పుడు, షెడ్డు రేకు తలుపు, ఆ తర్వాత మోటరు. చిన్నప్ప కళ్ళు మూసుకున్నాడు. మోత కింద సన్నగా ఇంకో గీత ఉంది, గరగరా, ఒకే లెక్కలో. బేరింగు. ఇంకో వారం నడిస్తే కాలిపోతుంది. మూడు మెసేజ్‌లు. వినకుండానే పంపిన ఆ మూడు బొటనవేలి గుర్తులు తలుచుకుంటే మొహం వేడెక్కింది.

అప్పుడు, ఆ మోటరు మోత మీద, దూరం నుంచి, తోట అవతలి నుంచి కాబోలు, అమ్మ. ఫోన్ అంటే ఏమిటో ఆమెకు ఎన్నటికీ పట్టుబడలేదు, అరబ్బుదేశాలన్నీ ఆమెకు దుబాయే, వాడు దుబాయిలో ఉండాడంటే ఎంత గట్టిగా అరవాలో అంత గట్టిగా అరుస్తుంది. "ఆడున్నాడా? ఓ చిన్నప్పోఓ!" శివకుమారి నవ్వుతోంది, అత్తా, ఇది మెసేజీ, పలకడు, అంటోంది. చిన్నప్ప వెనక్కి జరిపి మళ్ళీ విన్నాడు. ఇంకోసారి విన్నాడు. తర్వాత బటను నొక్కి పట్టుకొని చెప్పాడు, "కుమారీ, ఇన్నాను. అంతా ఇన్నాను. బేరింగు పోతాంది, రేపే ఆపించు మోటరు. జలుబు చేసిందా నీకు? అమ్మకు చెప్పు, ఇనపడిందని." పంపేశాక గిటార్ ఒడిలోకి లాక్కొని దవడ ఆనించాడు. మేడం రావడానికి ఇంకా పదకొండు నిమిషాలుంది. ఆరో వరుస. మూడు ఎర్రటి గీతల మీద తీగ మళ్ళీ పడింది, నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇందాక అందుకున్నాననుకున్నాడు గాని అందుకోలేదు, అమ్మ గొంతు అక్కడ ఆగదు, వెంట్రుకవాసి పైకి పోతుంది. నెట్టాడు. ఇంకా కొంచెం.